హిమాలయన్‌కి గుబ్బల టైర్లా, రోడ్డు టైర్లా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకు హిమాలయన్ 411 నడిపేవాళ్లకి, బండితో వచ్చిన టైర్లు అరిగిన రోజున మొదలవుతుంది ఈ టెన్షన్. సైజు గొడవ లేదు: ముందు 90/90-21, వెనక 120/90-17. ఏ రకం అన్నదే ప్రశ్న.

ఖర్చు: గుబ్బలవి తారు మీద త్వరగా అరుగుతాయి, మొదట పోయేది వెనక చక్రానిది. రోడ్డువి ఎక్కువ కాలం వస్తాయి. బిల్లు కాదు, కిలోమీటరుకి ఎంత పడిందో చూడండి.

చప్పుడు: గుబ్బలవి రింగ్ రోడ్డు మీద తుమ్మెదలా మోగుతాయి. రోడ్డువి గమ్మున ఉంటాయి.

బిగించే పని, పంక్చర్ తిప్పలు: రెండూ ట్యూబుతోనే, తేడా లేదు.

పట్టు: అసలు సంగతి ఇదే. తారు మీద గుబ్బల కొసలే నేలకి ఆనుతాయి. వానలో సిల్క్ బోర్డు దగ్గర తెల్లగీత మీద బ్రేకేస్తే నా బండి మూరెడు పక్కకి జారింది. గుండె గొంతులోకి వచ్చింది. సక్లేశపుర ఎర్ర బురదలో కథ తిరగబడుతుంది. రోడ్డు టైరు గాడుల్లోకి మట్టి బొబ్బట్టులో పూర్ణంలా కూరుకుపోయి, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. గుబ్బల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి మట్టిని విసిరేస్తాయి.

ఆఫీసుకీ, ఆదివారం నంది కొండకీ అయితే రోడ్డువే. నెలకి రెండుసార్లు కాఫీ తోటల మట్టిదారి పట్టేవాళ్లకి గుబ్బలవి. లదాఖ్ అంటారా? అక్కడికి 3,000 కిలోమీటర్లు, చాలావరకు తారే. గుబ్బలు కొండ చూడకముందే బాగా అరుగుతాయి. బండిని రైల్లో పంపేవాళ్ల లెక్క వేరు.