రెండు సూట్‌కేసులు, అమ్మానాన్న, ఒక ట్రైన్: అమెరికా, కెనడా ఎయిర్‌పోర్ట్ కనెక్షన్ల మీద నా రివ్యూ

ప్రాజెక్ట్ మారినప్పుడల్లా ఊరు మారడం వల్ల చికాగో, న్యూజెర్సీ, డాలస్, ఇప్పుడు వర్జీనియా, ఇన్ని చోట్ల కాపురం పెట్టాం. మా అక్కావాళ్లు మిసిసాగాలో ఉంటారు కాబట్టి టొరంటో కూడా బాగానే తెలుసు. ఈ ఊళ్లన్నిటి నుంచీ హైదరాబాద్ వెళ్లొచ్చాం, అమ్మానాన్నని రప్పించుకున్నాం, వీలైనప్పుడల్లా ట్రైన్‌లోనే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాం. ట్రాన్సిట్ బాగున్న సిటీల లిస్టు ఎవరు రాసినా న్యూయార్క్ ఫస్ట్ ఉంటుంది, నేను కాదనను, కానీ ఆ లిస్టు మనవాళ్లకి పెద్దగా పనికిరాదు. ఎయిర్‌పోర్ట్ ట్రైన్ ఎక్కడైనా డౌన్‌టౌన్‌ని దృష్టిలో పెట్టుకుని వేస్తారు, మనం ఉండేదేమో శివార్లలో, ఎడిసన్‌లో, నేపర్‌విల్‌లో, ఫ్రిస్కోలో, ఆష్‌బర్న్‌లో. మనిషికి 23 కేజీల పెట్టెలు రెండు, చేతిలో ఇంకో బ్యాగు, పక్కన మోకాళ్ల నొప్పులతో అమ్మ. ఇంత లగేజ్‌తో ఇంటి దగ్గర్నుంచి టెర్మినల్ దాకా ఎవర్నీ రైడ్ అడక్కుండా వెళ్లగలమా, అక్కడి నుంచి ఒక్క స్టాప్‌తో శంషాబాద్‌లో దిగగలమా, నేను చూసేది ఈ రెండే.

ముందు చికాగో. బ్లూ లైన్ మెట్రో ట్రైన్ 1984 నుంచి ఓహేర్ ఎయిర్‌పోర్ట్ లోపలికే వస్తుంది, పైగా ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, ఫ్లైట్ లేటయ్యి అర్ధరాత్రి దాటాక దిగినవాళ్లకి తెలుస్తుంది దాని విలువ. అమెరికాలో రాత్రంతా ట్రైన్ నడిచే ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డౌన్‌టౌన్‌కి ముప్పావుగంట పడుతుంది. ఓహేర్‌లో ఎక్కితే 5 డాలర్లు తీసుకుంటారు, అదే ఊళ్లో ఎక్కి ఓహేర్‌కి వస్తే దాదాపు సగమే. స్టేషన్ భూమి లోపల ఉంటుంది, రెండు వైపులా గోడలు రంగురంగుల గాజు ఇటుకలతో వంపులు తిరిగి వెనక నుంచి లైట్లు వేసి ఉంటాయి, మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ట్రైన్ వచ్చి తలుపులు తెరుచుకున్నా ఎక్కకుండా ఆ గోడల్నే చూస్తూ నిలబడింది.

పెట్టెల సంగతి చెప్పాలి. బ్లూ లైన్ బోగీలో లగేజ్‌కి విడిగా చోటేమీ ఉండదు, సీట్ల మధ్య నడవ ఇరుకు, బ్రేక్ వేసినప్పుడల్లా చక్రాల పెట్టె దానంతటదే జారి ముందుకి పోతుంది. అందుకే తలుపు పక్కన ఉన్న చోటులో పెట్టెల్ని నిలువుగా గోడకి ఆనించి, మోకాలు అడ్డం పెట్టుకుని నిలబడడం ఒక్కటే దారి. ఓహేర్ లైన్ చివర కాబట్టి ఎప్పుడూ ఖాళీ ట్రైన్ దొరుకుతుంది, అది అదృష్టం. రాత్రిళ్లు ఇల్లు లేనివాళ్లు చలికి తట్టుకోలేక ట్రైన్లోనే పడుకుంటారు, నాకైతే వాళ్లతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, కానీ కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌కి మాత్రం డ్రైవర్ ఉండే మొదటి బోగీలోనే ఎక్కమని చెప్తాను.

ఇంకొకటి, మన గల్ఫ్ ఫ్లైట్లన్నీ టెర్మినల్ 5 నుంచి, బ్లూ లైన్ దిగేదేమో 1, 2, 3 టెర్మినళ్ల కింద. మధ్యలో ఏటీఎస్ అని డ్రైవర్ లేని చిన్న ట్రైన్ ఉంటుంది, ఫ్రీ, దానికోసం మళ్లీ లిఫ్ట్ ఎక్కి దిగాలి, కాబట్టి ఇంకో ఇరవై నిమిషాలు చేతిలో పెట్టుకోండి. 2019 నుంచి 2021 దాకా దాన్ని బాగుచేయడానికి ఆపేసి బస్సులు వేశారు, ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. నేపర్‌విల్ నుంచి వచ్చేవాళ్లు మెట్రా అనే శివారు ట్రైన్‌లో వచ్చి యూనియన్ స్టేషన్‌లో దిగి, రెండు మూడు బ్లాకులు నడిచి, క్లింటన్ స్టేషన్‌లో మెట్లు దిగి బ్లూ లైన్ ఎక్కాలి. వయసులో ఉన్నవాళ్లు ఒక పెట్టెతో చెయ్యొచ్చు, జనవరి చలిలో పెద్దవాళ్లతో మాత్రం వద్దు.

ఫ్లైట్ల విషయంలో చికాగోకి వంక పెట్టడానికి లేదు, ఎమిరేట్స్, ఖతార్, ఎతిహాద్ మూడూ ఉన్నాయి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగో నుంచి నేరుగా హైదరాబాద్‌కి నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, మన ఊరికి అమెరికా నుంచి అదే మొదటి నాన్‌స్టాప్, అందరం ఎంత సంబరపడ్డామో. ఆ రూటు నిలబడలేదు, నాకు ఇప్పటికీ బాధే. ఎతిహాద్‌లో వస్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబీలోనే అయిపోతుంది, ఓహేర్‌లో డొమెస్టిక్ ప్యాసింజర్ లాగా దిగి బయటికి వచ్చేస్తారు. గంటల తరబడి కూర్చుని వచ్చిన పెద్దవాళ్లకి మళ్లీ గంటన్నర క్యూలో నిలబడే పని తప్పుతుంది, మా నాన్నకి ఎప్పుడు టికెట్ తీసినా నేను ముందు ఇదే చూస్తాను. కాకపోతే అబుదాబీలో లేఓవర్ కనీసం మూడు గంటలు ఉండేలా తీసుకోండి, అక్కడ సెక్యూరిటీ మళ్లీ చేస్తారు, ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్.

న్యూయార్క్, న్యూజెర్సీ గురించి. న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్ నుంచి ప్రపంచంలో ఎక్కడికైనా ఫ్లైట్ ఉంది, సబ్‌వే కూడా రాత్రంతా నడుస్తుంది. అయినా 470కి పైగా స్టేషన్లున్న ఆ సబ్‌వే జేఎఫ్‌కే టెర్మినల్ దాకా రాదు, ఎయిర్‌పోర్ట్ వాళ్ల ఎయిర్‌ట్రైన్ ఎక్కి జమైకా అనే స్టేషన్‌లో దిగి అక్కడ మారాలి. ఆ ఎయిర్‌ట్రైన్ టెర్మినళ్ల మధ్య ఫ్రీయే కానీ జమైకాలో బయటికి రావాలంటే 8 డాలర్లకి పైనే కట్టాలి, తర్వాత సబ్‌వే టికెట్ వేరే. జమైకాలో లిఫ్టులున్నాయి, అసలు సమస్య అవతల దిగే స్టేషన్‌లో, సబ్‌వేలో సగానికి పైగా స్టేషన్లకి ఇప్పటికీ లిఫ్ట్ లేదు. రెండు పెట్టెలతో ఆ మెట్లు ఎక్కుతుంటే ఎవరో ఒకరు అడక్కుండానే వచ్చి ఒక చెయ్యి వేస్తారు, న్యూయార్క్ వాళ్లలో నాకు బాగా నచ్చింది అదే, కానీ దాన్ని నమ్ముకుని అమ్మానాన్నని తీసుకెళ్లలేం కదా.

ఎడిసన్ వాళ్లు జేఎఫ్‌కే నుంచి ట్రైన్‌లో రావాలంటే జమైకాలో లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ ఎక్కండి, ఇరవై నిమిషాల్లో పెన్ స్టేషన్, అదే స్టేషన్‌లో న్యూజెర్సీ ట్రాన్సిట్ పట్టుకుంటే ఎడిసన్ లేదా మెట్రోపార్క్. రోడ్డు మీదికి రానవసరం లేదు, సబ్‌వే మెట్లు లేవు. నేను ఒక్కడినే ఉంటే ఇలాగే వస్తాను. న్యూజెర్సీలోని నెవార్క్ ఎయిర్‌పోర్ట్ అయితే ఇంకా సులువు, ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో ఎక్కితే ఒకే ట్రైన్, అదే లైన్ మీద మెట్రోపార్క్, ఎడిసన్ రెండూ ఉన్నాయి. టెర్మినల్ నుంచి స్టేషన్ దాకా తీసుకెళ్లే ఎయిర్‌ట్రైన్ మాత్రం 1996 నాటిది, పాతబడిపోయింది, కొత్తది కడుతున్నారు. నెవార్క్ నుంచి యునైటెడ్ వాళ్ల ఢిల్లీ నాన్‌స్టాప్ ఉంది, ఎమిరేట్స్ ఏథెన్స్‌లో ఆగి దుబాయ్ వెళ్తుంది. హైదరాబాద్‌కి ఒక్క స్టాప్‌తో పోవాలంటే జేఎఫ్‌కేలో దొరికినన్ని ఆప్షన్లు నెవార్క్‌లో దొరకవు, మనవాళ్లకి దగ్గరుండేదేమో నెవార్క్, అదే చిక్కు.

ఇప్పుడు మేముండే వర్జీనియా, వాషింగ్టన్ డీసీ పక్కనే. నా దృష్టిలో తెలుగు కుటుంబాలకి అన్నిటికంటే బాగా కుదిరిన ఊరు ఇదే, కారణం ఒక్కటే, వాషింగ్టన్ మెట్రో వాళ్ల సిల్వర్ లైన్. డల్లెస్ ఎయిర్‌పోర్ట్ 1962లో తెరిచారు, దానికి మెట్రో వచ్చింది 2022 నవంబర్‌లో, అరవై ఏళ్లు పట్టింది. వచ్చిన లైన్ మాత్రం మన కోసమే గీసినట్టు రెస్టన్, హెర్న్‌డన్ మీదుగా ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి అక్కడ ఆగకుండా ఆష్‌బర్న్ దాకా వెళ్తుంది. ఆష్‌బర్న్‌లో ఎక్కితే మధ్యలో లౌడన్ గేట్‌వే, ఆ తర్వాత ఎయిర్‌పోర్టే, కూర్చున్నామో లేదో దిగిపోతాం. డౌన్‌టౌన్ నుంచైతే దాదాపు గంట పడుతుంది, ఛార్జీ 7 డాలర్ల లోపే.

స్టేషన్ టెర్మినల్‌కి ఎదురుగా పార్కింగ్ అవతల ఉంటుంది, అక్కడి నుంచి భూమి కింద టన్నెల్, అందులో నడిచే బెల్టులు, వానైనా మంచైనా తడవకుండా నేరుగా టెర్మినల్‌లోకి. వాషింగ్టన్ మెట్రోలో ప్రతి స్టేషన్‌కీ లిఫ్ట్ ఉంది, ఇది నేను ఎన్నిసార్లైనా చెప్తాను. మా నాన్న రెండోసారి వచ్చినప్పుడు డీసీలో మ్యూజియం చూసి ఆయనే కార్డు ట్యాప్ చేసుకుని ట్రైన్ ఎక్కి ఇంటి దగ్గరి స్టేషన్‌లో దిగాడు, ఇంగ్లీషు రాదు, డ్రైవింగ్ రాదు, అయినా ఎవరి మీదా ఆధారపడలేదు. ఆ రోజు ఆయన మొహం చూడాలి. డాలస్‌లో ఉన్నప్పుడు ఇదే మనిషి ఆరు నెలలూ కిటికీ దగ్గర కూర్చునేవాడు.

డల్లెస్‌లో కూడా గల్ఫ్ వాళ్లు ముగ్గురూ ఉన్నారు, లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో లండన్ మీదుగా కూడా హైదరాబాద్ వెళ్లొచ్చు. ఎయిర్ ఇండియా ఢిల్లీ నాన్‌స్టాప్ 2025 సెప్టెంబర్ నుంచి ఆపేశారు. లోపం అంటే మెట్రో రాత్రంతా నడవదు, తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే కారే గతి. ఇంటర్నేషనల్ ఫ్లైట్ దిగినప్పుడు మొబైల్ లాంజ్ అనే పెద్ద బండి ఎక్కించి ఇమ్మిగ్రేషన్ హాల్‌కి తీసుకెళ్తారు, అందులో సీట్లు తక్కువ, వీల్‌చైర్ అసిస్టెన్స్ పెట్టుకుంటే పెద్దవాళ్లకి సుఖం.

డాలస్ ఫ్లైట్లకి బంగారం లాంటి ఊరు, ఎమిరేట్స్, ఖతార్ రెండూ ఉన్నాయి. ట్రాన్సిట్ దగ్గరే ప్రాణం పోతుంది. మేమున్నప్పుడు ఆరెంజ్ లైన్ ఉండేది, 2014లో ఎయిర్‌పోర్ట్‌కి తెచ్చారు, ఇర్వింగ్ వాళ్లకి పనికొస్తుంది, కానీ అది ఆగేది టెర్మినల్ ఏ దగ్గర, మన ఫ్లైట్ టెర్మినల్ డీలో, మధ్యలో షటిల్ బస్సు. 2025 అక్టోబర్‌లో ప్లేనో నుంచి ఎయిర్‌పోర్ట్‌కి సిల్వర్ లైన్ మొదలైంది, పేరు మా వర్జీనియా లైన్‌దే అయినా ఇది డీజిల్ బండి. డౌన్‌టౌన్‌కి పోకుండా ప్లేనో, రిచర్డ్‌సన్, అడిసన్, క్యారల్టన్ కలుపుతూ నేరుగా టెర్మినల్ బీకి వస్తుంది, శివారు వాళ్లని లెక్కలోకి తీసుకుని వేసిన లైన్ అని చూడగానే సంతోషమేసింది. ఇక ఫ్రిస్కో, అంతమంది మనవాళ్లున్న ఊరు, డాలస్ ట్రాన్సిట్ సంస్థ డార్ట్‌లో మెంబరే కాదు, కాబట్టి ప్లేనో దాకా కారులో రావాల్సిందే.

అట్లాంటా విషయం తెలుసుకుని వెళ్లండి. మార్టా ట్రైన్ టెర్మినల్ లోపలికే వస్తుంది, దిగగానే చెకిన్, ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ అది డొమెస్టిక్ టెర్మినల్. 2012లో తెరిచిన ఇంటర్నేషనల్ టెర్మినల్ ఎయిర్‌పోర్ట్‌కి అవతలి వైపు, షటిల్ బస్సు పట్టుకోవాలి. ఖతార్ కోసం వెళ్లేవాళ్లు అరగంట అదనంగా వేసుకోండి.

టొరంటో యూపీ ఎక్స్‌ప్రెస్ లాంటి ఎయిర్‌పోర్ట్ ట్రైన్ ఈ ఖండంలో నేను ఇంకోటి చూడలేదు. 2015లో మొదలుపెట్టారు, డౌన్‌టౌన్‌లోని యూనియన్ స్టేషన్ నుంచి పియర్సన్ ఎయిర్‌పోర్ట్‌కి 25 నిమిషాలు, ప్లాట్‌ఫాం, ట్రైన్ ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి పెట్టె ఎత్తక్కర్లేదు, పెట్టెలు పెట్టుకోడానికి అరలున్నాయి. మొదట్లో టికెట్ 27.50 డాలర్లు పెట్టారు, ఎవరూ ఎక్కకపోతే మరుసటి ఏడాదే 12కి దించారు, అప్పట్నుంచి జనం. మా అక్కకి మాత్రం దానివల్ల ఏ లాభమూ లేదు, ఇల్లు పియర్సన్ పక్కనే మిసిసాగాలో, ట్రైన్ వెళ్లేది అటువైపు డౌన్‌టౌన్‌కి, ఆవిడ సిటీ బస్సే ఎక్కుతుంది. గల్ఫ్ ఫ్లైట్లు కెనడాకి అమెరికాకి వచ్చినన్ని రావు, కెనడాకీ గల్ఫ్ దేశాలకీ మధ్య ఉన్న ఒప్పందాల వల్ల చాలాకాలం వారానికి కొన్ని రోజులే అనుమతి ఉండేది, అందుకే టికెట్లు మండిపోతాయి, డిసెంబర్‌కి కొనాలంటే ఎండాకాలంలోనే చూసుకోండి.

బే ఏరియా వాళ్లకి బార్ట్ ట్రైన్ 2003 నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్ (ఎస్‌ఎఫ్‌ఓ) ఇంటర్నేషనల్ టెర్మినల్‌లోనే ఆగుతుంది, ఇదొక్కటీ చాలా గొప్ప. ఫ్రీమాంట్ నుంచి మధ్యలో ఒకసారి మారాలి, ఛార్జీ ఎక్కువే, రాత్రంతా నడవదు. వాంకూవర్‌లో కెనడా లైన్ అనే ట్రైన్ కూడా చక్కగా ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కితే 5 డాలర్లు అదనంగా వేస్తారు. లాస్ ఏంజెలెస్‌లో 2025లో ఎయిర్‌పోర్ట్ పక్కన కొత్త స్టేషన్ తెరిచారు, అక్కడి నుంచి టెర్మినల్‌కి బస్సు.

నాన్‌స్టాప్ అని ఆశపడి ఎయిర్ ఇండియా తీసుకునేవాళ్లకి ఒక మాట, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మన విమానాలకి మూసేసిన తర్వాత చుట్టూ తిరిగి రావాల్సి వచ్చి కొన్ని ఫ్లైట్లు ఇంధనం కోసం వియన్నాలో దిగి వెళ్లాయి. బుక్ చేసే ముందు ఆ వారం అదే ఫ్లైట్ ఎంతసేపట్లో వెళ్తుందో చూసుకుని, ఢిల్లీ నుంచి హైదరాబాద్ కనెక్షన్‌కి టైమ్ ఎక్కువ పెట్టుకోండి. ప్రయాణం శని, ఆదివారాల్లో పడితే ఏ ఊరైనా సరే ముందురోజు రాత్రి ట్రాక్ వర్క్ ఉందేమో, మీ స్టేషన్ లిఫ్ట్ పనిచేస్తుందో లేదో ఆ ట్రాన్సిట్ వాళ్ల యాప్‌లో చూసి, రెండూ సరిగ్గా ఉంటేనే పెద్దవాళ్లని ట్రైన్‌లో తీసుకెళ్లండి, లేకపోతే ఆ ఒక్కరోజుకి క్యాబ్ మాట్లాడుకోండి.