నీళ్లా, నిప్పా? బైబిల్లో రెండు గుర్తులు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో బాప్తిస్మాలకు మా సంఘం మహేంద్రతనయ ఏటికే వెళ్తుంది. నడుము లోతులో ముక్కు మూసుకుని మునిగి లేచినవాళ్ల మొహాలు చూస్తే నీళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాతది పోయింది, కొత్తది మొదలైంది. ఒక్క మునకతో సరి.

నిప్పు అలా కాదు, టైం తీసుకుంటుంది. మలాకీ 3:3లో దేవుడు వెండిని శుద్ధిచేసేవాడిలా కూర్చుంటాడు. ఆ ‘కూర్చోవడం’ ఏమిటో మా వీధి కంసాలి కొట్టు చూశాకే నాకు అర్థమైంది. మూస కుంపట్లో పెట్టాక ఆయన లేవడు, ఎవరు పిలిచినా తల తిప్పడు. నీళ్లు పైమురికిని కడుగుతాయి. లోపల కలిసిపోయిన మలినం నిప్పుకే లొంగుతుంది.

అలాగని నీళ్లు మెతక అనుకోవద్దు. సమరయ స్త్రీకి యేసు ఇస్తానన్న జీవజలం (యోహాను 4) ఒకవైపు, నోవహు రోజుల్లో లోకాన్ని ముంచేసిన జలప్రళయం ఇంకోవైపు. నిప్పూ అంతే. మోషే చూసిన పొద మండింది గానీ కాలిపోలేదు.

ఒకటే ఎంచుకోమంటే నేను నిప్పువైపే. తనది నీళ్ల బాప్తిస్మమని, తన వెనక వచ్చేవాడు పరిశుద్ధాత్మతోనూ అగ్నితోనూ ఇస్తాడని బాప్తిస్మమిచ్చే యోహానే చెప్పాడు కదా (మత్తయి 3:11). మా అమ్మ మాత్రం ఒప్పుకోదు: “ముందు ఏట్లో దిగరా, నిప్పు సంగతి తర్వాత చూద్దువు.”