పాఠం చెప్పేవారి అల్మరాలో నిలిచిన నాలుగు పుస్తకాలు

డిగ్రీ కళాశాలల్లో పనిచేసేవారికి ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సుల చివర అందే పుస్తకాల జాబితాలు పొడవుగానే ఉంటాయి గాని, వాటిలో చాలామటుకు బోధనా సిద్ధాంతాల చరిత్రలో, ఉపన్యాస కళ మీద హితబోధలో కావడంతో, ధ్రువపత్రం సర్వీసు రిజిస్టరుకెక్కాక వాటి జోలికి వెళ్లేవారు అరుదు. భౌతికశాస్త్రం బోధిస్తూ ఏళ్ల తరబడి నేను చేతికందే దూరంలో ఉంచుకున్నవి నాలుగే: రెండు వృత్తికి సంబంధించినవి, రెండు తీరిక వేళ చదువుకునేవి. చదువుతున్నప్పుడు ఎంత ఉత్సాహం కలిగిందన్నది కాక, సిలబస్ వెనకబడి ఇంటర్నల్ పరీక్షలు నెత్తిమీదికొచ్చిన వారంలో కూడా ఆ పుస్తకం తాలూకు పద్ధతి ఏదైనా తరగతిలో మిగిలిందా అన్నదే నేను పెట్టుకున్న కొలత.

ఆ కొలతకు అన్నింటికన్నా బాగా నిలిచింది ‘మేక్ ఇట్ స్టిక్’. రచయిత పీటర్ బ్రౌన్, జ్ఞాపకశక్తి మీద పరిశోధించిన హెన్రీ రోడిగర్, మార్క్ మెక్‌డానియెల్ కలిసి రాసిన ఈ పుస్తకాన్ని హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2014లో ప్రచురించింది. చదివిందే మళ్లీ చదవడం వల్ల వచ్చినట్టనిపిస్తుంది తప్ప రాదనీ, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి పడే ప్రయాస వల్లనే విషయం నిలుస్తుందనీ వీరి వాదం. దీని వెనక రోడిగర్ తన సహచరుడు కార్పికేతో కలిసి 2006లో ప్రచురించిన ప్రయోగం ఉంది. చదివిన అయిదు నిమిషాలకే పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి అయింది. వారం తరువాత పరీక్షిస్తే, మధ్యలో గుర్తు తెచ్చుకుని రాసినవారు వారిని దాటిపోయారు. పరీక్ష ముందు రాత్రి గైడు బట్టీపట్టి గట్టెక్కే మన విద్యార్థికి, మూడో సెమిస్టరు వచ్చేసరికి మొదటి సెమిస్టరులోని వెక్టర్లు ఎందుకు గుర్తుండవో ఈ ఒక్క ఫలితం చాలావరకు చెబుతుంది.

దీన్ని నేను వాడుతున్న తీరు చాలా సాదాది. పీరియడ్ మొదట్లో నోటుపుస్తకాలు మూయించి, రెండు ప్రశ్నలు బోర్డు మీద రాస్తాను. ఒకటి నిన్నటి పాఠం లోనిది, రెండోది నెల కిందటిది. చిత్తుకాగితం మీద జవాబు రాసి పక్కవారితో మార్చుకుని దిద్దుకోవాలి. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ మొదట వచ్చే ప్రశ్న ఒకటే: “దీనికి మార్కులున్నాయా సార్?” లేవని చెబితే కొందరు కలం మూసేస్తారు, ఉన్నాయని చెబితే పక్కవాడి కాగితంలోకి చూస్తారు. లేవనే చెబుతూ, ఇంటర్నల్ పేపరులో కొన్ని ప్రశ్నలు వీటిలోనుంచే ఇస్తానని ముందుగా ప్రకటించడం నాకు కుదిరిన రాజీ. పుస్తకంలో లోపమూ ఉంది. విమానచోదకుడి కథ, మెదడు శస్త్రవైద్యుడి కథ అంటూ ఉదంతాలు పేరుకుపోతాయి, చెప్పిందే మళ్లీ చెబుతారు. ఎడం ఇచ్చి తిరగేయాలన్న తమ సూత్రాన్ని పుస్తకానికీ వర్తింపజేశామని రచయితలు ముందే చెప్పుకున్నా, విసుగు విసుగే.

రెండోది కెన్ బెయిన్ రాసిన ‘వాట్ ది బెస్ట్ కాలేజ్ టీచర్స్ డూ’, 2004 నాటిది. పేరు చూస్తే ఆదర్శ అధ్యాపకుల స్తోత్రమేమో అనిపిస్తుంది. కొన్నిచోట్ల నిజంగానే ఆ ధోరణి ఉంది. దీన్ని దాచుకోవడానికి నాకు ఒక్క ఉదంతమే చాలింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో హలూన్, హెస్టినెస్ అనే ఇద్దరు, భౌతికశాస్త్రం కోర్సు ముగిశాక కూడా విద్యార్థులకు చలనం మీద ఉన్న సహజమైన అపోహలు పెద్దగా మారలేదని గమనించారు. ఆ పరిశోధన 1985లో వెలువడింది. మరీ చోద్యమేమిటంటే, తమ అంచనాకు విరుద్ధమైన ప్రయోగాన్ని కళ్లారా చూసిన విద్యార్థుల్లో కొందరు, ఆ సూత్రం ఇక్కడ వర్తించదంటూ సాకులు వెతికారు తప్ప అపోహను వదులుకోలేదు.

ఇది చదివాక నేను తరగతిలో నాణెం ఎగరేసి, అది అత్యంత ఎత్తులో ఉన్న క్షణంలో దానిమీద బలం ఎటు పనిచేస్తోందో బాణం గీయమనడం మొదలుపెట్టాను. న్యూటన్ రెండో నియమాన్ని పొల్లుపోకుండా రాసినవారే కొందరు బాణం పైకి గీస్తారు. వేగం సున్నా కనుక బలమూ సున్నాయేనని మరికొందరు అసలు గీయరు. కిందికి గీసినవారి చేత తక్కినవారికి చెప్పించడం నేను వివరించడం కన్నా మెరుగ్గా పనిచేస్తుంది.

ఈ రెండు పుస్తకాలూ అమెరికన్ తరగతి గదిని మనసులో పెట్టుకుని రాసినవన్నది మరువరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఇంటరు దాకా తెలుగులో చదివి వచ్చిన అమ్మాయి గుర్తు తెచ్చుకోలేకపోతోందా, గుర్తున్నది ఇంగ్లీషులో రాయలేకపోతోందా అన్న ప్రశ్నకు వీటిలో జవాబు దొరకదు. అందుకే పీరియడ్ మొదట్లో బోర్డు మీద రాసే ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఏ భాషలో రాసినా అభ్యంతరం పెట్టను.

ఇక తీరిక వేళ పుస్తకాలు. జాన్ విలియమ్స్ నవల ‘స్టోనర్’ 1965లో వెలువడినప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు. 2011లో ఫ్రెంచి అనువాదం వచ్చాక ఐరోపా అంతటా పాఠకులను సంపాదించుకుంది. వ్యవసాయశాస్త్రం చదవడానికి 1910లో మిస్సోరి విశ్వవిద్యాలయంలో చేరిన రైతుబిడ్డ సాహిత్యం వైపు మళ్లి, అక్కడే పాఠాలు చెబుతూ, అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థాయి దాటకుండానే కన్నుమూస్తాడు. కథ ఇంతే. అయితే మౌఖిక పరీక్షలో వాక్చాతుర్యంతో గట్టెక్కాలని చూసిన విద్యార్థిని ఉత్తీర్ణుణ్ణి చేయడానికి స్టోనర్ ససేమిరా అనడం, దానికి శాఖాధిపతి పగబట్టి అతనికి పొంతన లేని వేళల్లో మొదటి సంవత్సరం తరగతులు అంటగట్టడం, ఆ పిల్లలకే అతను పైతరగతి పాఠం మొదలుపెట్టి ఆ శిక్షను తిప్పికొట్టడం చదువుతుంటే, టైమ్‌టేబుల్ ఎంత పదునైన ఆయుధమో ఎరిగిన ఏ స్టాఫ్‌రూమ్ మనిషికైనా నవ్వూ నిట్టూర్పూ కలిసి వస్తాయి. బోధనా గ్రంథాలు సాధారణంగా తప్పించుకునే విషయమిది. కుటుంబ జీవితం గురించిన భాగాలు మాత్రం బరువుగా సాగుతాయి. స్టోనర్ భార్య ఈడిత్ పట్ల రచయిత కఠినంగా ఉన్నాడన్న విమర్శ సమంజసమే.

చింగీజ్ ఐత్మాతోవ్ ‘తొలి ఉపాధ్యాయుడు’ ఒక్క కూర్చున్న పాటున అయిపోయే చిన్న పుస్తకం. కిర్గిజ్ గ్రామంలో పాత గుర్రాలశాలను బడిగా మార్చిన దూయిషేన్ తానే కూడబలుక్కుని చదివేవాడు. అతని శిష్యురాలు అల్తినాయ్ అకడమీషియన్ (విజ్ఞాన అకాడమీ సభ్యురాలు) అయి, కొత్త బడి ప్రారంభోత్సవానికి అతిథిగా వస్తే, అతను తపాలా మోస్తూ టెలిగ్రాములు అందించి వెళ్లిపోతాడు. సోవియట్ ప్రచారం ఛాయలు ఉన్నమాట నిజమే గాని, సబ్జెక్టు మీద పట్టు లేని అధ్యాపకుడు పనికిరాడని గట్టిగా నమ్మే నాకు ఇది ప్రతిసారీ కాస్త ఇబ్బంది కలిగించే కథ.

కొత్తగా ఉద్యోగంలో చేరినవారు ‘మేక్ ఇట్ స్టిక్’ మొదటి మూడు అధ్యాయాలతో మొదలుపెట్టి, ఒక సెమిస్టరు వాడి చూసి తక్కినది చదివితే చాలు. బెయిన్ పుస్తకం కొనేకన్నా గ్రంథాలయానికి తెప్పించమని ఇండెంటు పెట్టడం మేలు. ‘స్టోనర్’ను మాత్రం సర్వీసులో పదేళ్లయినా నిండాక వేసవి సెలవుల్లో చదవమంటాను, మొదటి ఏడాదిలోనే చదివితే ఉద్యోగం మీద బెంగ పుడుతుంది.