పేషెంట్ పోర్టలా, ఎఫ్‌హెచ్‌ఐఆర్ ఆధారిత యాప్ అనుసంధానమా?

ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను పాటిస్తూనే రోగిని తన చికిత్సలో భాగస్వామిని చేయాలనుకునే ఆసుపత్రికి రెండు దారులున్నాయి. రికార్డుల సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే పోర్టల్, అంటే రోగి తన రికార్డులను ఆన్‌లైన్‌లో చూసుకునే ఆసుపత్రి వెబ్‌సైటు, ఒకటి. ఆరోగ్య సమాచార ప్రమాణాలను తయారుచేసే హెచ్‌ఎల్‌7 సంస్థ రూపొందించిన ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణం (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఆరోగ్య సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి పద్ధతి) ద్వారా రోగి తనకు నచ్చిన యాప్‌లోకి సమాచారాన్ని తెచ్చుకోనివ్వడం మరొకటి.

ఖర్చు: పోర్టల్‌కు ప్రధానంగా లైసెన్సు రుసుము. ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణం ఉచితమే గాని, సర్వర్‌కూ నిపుణులకూ వ్యయం తప్పదు.

శ్రమ: పోర్టల్ త్వరగా మొదలవుతుంది. రెండో దారిలో అసలు భారం డేటాను సరిదిద్దడంలో ఉంది. ఒకే రక్తపరీక్షను మూడు విభాగాలు మూడు పేర్లతో నమోదు చేస్తుంటే, పరీక్షలను లాయింక్ (పరీక్షలకు ఉమ్మడి గుర్తింపు సంకేతాలు) తోనూ, రోగనిర్ధారణలను స్నోమెడ్ సీటీ (వైద్య పదాలకు ఉమ్మడి సంకేతాలు) తోనూ జతపరిచేదాకా ఎంత మంచి యాప్ అయినా రోగికి అస్తవ్యస్తమైన చిత్రమే చూపుతుంది. ఈ పనిని తక్కువగా అంచనా వేయడమే, నా దృష్టిలో, అన్నిటికంటే పెద్ద పొరపాటు.

రిస్కు: పోర్టల్‌లో సమాచారం ఆసుపత్రి అదుపులోనే ఉంటుంది. ఓఆథ్ 2.0 పద్ధతిలో, అంటే తన పాస్‌వర్డును యాప్‌కు చెప్పకుండానే, రోగి యాప్‌కు అనుమతి ఇచ్చాక, అక్కడికి చేరిన సమాచారాన్ని ఆసుపత్రి నియంత్రించలేదు. కనుక అనుమతి కోరే పేజీ రోగికి అర్థమయ్యే భాషలో ఉండి తీరాలి.

అనుకూలత: మధుమేహానికి, గుండెకు, మూత్రపిండాలకు వేర్వేరు ఆసుపత్రులకు వెళ్లే వ్యక్తికి మూడు పోర్టళ్లు, మూడు పాస్‌వర్డులు అదనపు బాధే. అటువంటి దీర్ఘకాలిక రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రికి రెండో దారే తగినది. సాంకేతిక సిబ్బంది లేని చిన్న ఆసుపత్రి పోర్టల్‌తో మొదలుపెట్టవచ్చు, అయితే డేటాను ఎఫ్‌హెచ్‌ఐఆర్ రూపంలో బయటికి ఇవ్వాలన్న షరతును ఒప్పందంలోనే రాయించుకోవాలి.