ఎగ్జిక్యూటివ్ ఆర్డరా, కాంగ్రెస్ చట్టమా?

అమెరికా అధ్యక్షుడెవరైనా పెద్ద నిర్ణయం తీసుకునేటప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఎగ్జిక్యూటివ్ ఆర్డరంటే అధ్యక్షుడు సొంతంగా సంతకం చేసి ఇచ్చే ఆదేశం. కాంగ్రెస్ అంటే అక్కడి పార్లమెంటు.

శ్రమ: ఆర్డర్‌కు ఒక్క సంతకం చాలు. చట్టానికి రెండు సభలూ ఒప్పుకోవాలి. సెనేట్‌లో చర్చ ముగించడానికే మామూలుగా 60 ఓట్లు కావాలి.

ఖర్చు: నిధులిచ్చేది కాంగ్రెస్సే. ఆర్డర్‌తో ఖజానా తెరుచుకోదు.

మన్నిక: ఇక్కడే అసలు తేడా. పారిస్ వాతావరణ ఒప్పందంలో ఒబామా చేరారు, ట్రంప్ బయటికొచ్చారు, బైడెన్ మళ్లీ చేరారు, 2025లో ట్రంప్ మళ్లీ బయటికి! ఇదంతా సంతకాల మీదే. అదే ఒబామాకేర్ (ఆరోగ్య బీమా పథకం) 2010 నాటి చట్టం. 2017లో దాన్ని తీసేయబోతే, ట్రంప్ పార్టీ సెనేటరే అయిన మెకెయిన్ బొటనవేలు కిందికి చూపడంతో ఆ ప్రయత్నం సెనేట్‌లో 49-51తో వీగిపోయింది.

రిస్కు: 1952లో ఉక్కు మిల్లుల్ని స్వాధీనం చేసుకోమన్న అధ్యక్షుడు ట్రూమన్ ఆర్డర్‌ను సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. అమెరికాలో పుట్టినా, తాత్కాలిక వీసాల మీదున్నవాళ్ల పిల్లలకు పౌరసత్వం రాదన్న 2025 జనవరి 20 నాటి ట్రంప్ ఆర్డర్‌ను మూడు రోజులకే సియాటెల్ కోర్టు ఆపింది. ఈలోగా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్న మనవాళ్ల ఇళ్లలో, ముఖ్యంగా గర్భిణులున్న చోట, ఎంత కంగారో!

ప్రభుత్వ శాఖల పనితీరు మార్చాలంటే, తొందరగా కావాలంటే ఆర్డర్. పన్నులు, నిధులు, పదేళ్లు నిలవాల్సిన హక్కులైతే ఆలస్యమైనా చట్టమే. రాజ్యాంగంలో రాసున్నదాన్నే మార్చాలనుకుంటే రెండూ పనికిరావు. అప్పుడు సవరణే దారి, దానికి 38 రాష్ట్రాలు తలూపాలి.