వాల్‌హైమ్: ఒంటరిగా ఆడాలా, ఆన్‌లైన్‌లో ఆడాలా?

వాల్‌హైమ్ 2021 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే ఆడుకునేలా, వచ్చింది. స్వీడన్‌లోని ఐరన్ గేట్ అనే చిన్న స్టూడియో చేసిన కంప్యూటర్ ఆట. అడవుల్లో బతుకుతూ, ఇళ్లు కట్టుకుంటూ, రాక్షసులతో పోరాడాలి. అప్పట్లో సైజు 1 జీబీ చుట్టూ ఉండేది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్‌తోనే దించుకున్నాను. అప్పటి నుంచి రెండు రకాలుగానూ ఆడుతున్నాను. మామూలు రోజుల్లో ఒడిశాలోని రాయగడలో మా ఇంట్లో ఒక్కడినే, ఆదివారాలు మా జట్టుతో. జట్టంటే గుణుపురంలో ఉండే మా బావ, బరంపురంలో చదువుకుంటున్న మా చిన్నాన్న కొడుకు, పార్వతీపురం స్నేహితుడు ఒకడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఆట నేర్చుకోవాలంటే ఒంటరిగా ఆడాలి. దీనిలోని గొప్పతనం తెలియాలంటే మనవాళ్లతో ఆడాలి.

ఒంటరిగా ఉన్నప్పుడు నల్ల అడవిలో మొదటిసారి ట్రోల్ అనే భారీ రాక్షసుడి అడుగుల చప్పుడు వినిపిస్తే నిజంగా టెన్షన్ వస్తుంది. చచ్చిపోతే మన సామానంతా చచ్చిన చోటే ఉండిపోతుంది, నైపుణ్యాలూ కొంత తగ్గుతాయి. ఆ సామాను తెచ్చుకోవడానికి చేతిలో ఏమీ లేకుండా మళ్లీ అక్కడికే వెళ్లాలి, కాపాడేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే ఏ తిండి తిని బయల్దేరాలి, ఎక్కడ మంచం వేసుకోవాలి, ఎప్పుడు పారిపోవాలి అన్నవి బాగా ఒంటబడతాయి. ఇల్లు కట్టడం కూడా ఒంటరిగానే బాగుంటుంది. దూలం ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తూ గంటసేపు కూర్చున్నా తొందరపెట్టేవాళ్లు ఉండరు. ఇంకో సుఖం, ఒంటరి ఆటలో పాజ్ ఉంది. అమ్మ పిలిస్తే ఆపేసి వెళ్లొచ్చు.

ఆన్‌లైన్‌లో అది కుదరదు. అక్కడ అందరి సమయమూ ఒకటే. ఆటలో ఒక రోజు అంటే మన లెక్కలో సుమారు 30 నిమిషాలు, రాత్రి దాటించాలంటే ఆటలో ఉన్న ప్రతి ఒక్కరూ మంచం ఎక్కాలి. ఒకడు నల్ల అడవిలో రాగి తవ్వుతూ ఉంటే మిగతా ముగ్గురూ పడుకుని ఎదురుచూడాలి. "ఏటిరా, ఇంకా రాలేదా?" అని బావ కేకలు. దగ్గర్లో ఎక్కువమంది ఉంటే శత్రువుల బలం కూడా పెరుగుతుంది కాబట్టి, నలుగురు చేరినంత మాత్రాన ఆట సులువైపోదు.

అయినా ఇనుము దగ్గరికి వచ్చేసరికి ఆన్‌లైన్ విలువ తెలుస్తుంది. ఇనుము దొరికేది చిత్తడి నేలలోని పాతాళ గదుల్లో. పోర్టల్, అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి క్షణంలో దాటించే ద్వారం, లోంచి మామూలుగా లోహాన్ని తీసుకెళ్లనివ్వరు, ఓడలో వేసుకుని సముద్రం మీదే ఇంటికి తేవాలి. ఒంటరిగా ఇది పెద్ద శ్రమ. జలగలు, విషం, మీద పడే శవాలు, అన్నీ దాటి ఓడెక్కితే ఎదురుగాలి. అదే నలుగురితో అయితే ఒకడు చుక్కాని పడతాడు, ఒకడు మ్యాప్ చూస్తాడు, ఇద్దరు విల్లు పట్టుకుని సముద్రపు పాము కోసం కాపలా కాస్తారు. సగం తెలుగు, సగం ఒడియాలో అరుచుకుంటూ రాత్రి తుపానులో ఒడ్డుకు చేరినప్పుడు కలిగిన ఆనందం నాకు ఒంటరి ఆటలో ఎప్పుడూ దొరకలేదు. 2023లో వచ్చిన అప్‌డేట్‌తో పోర్టల్‌లోంచి లోహం వెళ్లేలా మార్చుకునే వీలు వచ్చింది. మీరు ఒక్కరే ఆడే లోకంలో (ఆటలోని ప్రపంచాన్ని లోకం అంటున్నాను) అది పెట్టుకోండి. జట్టులో మాత్రం వద్దు, ఓడ ప్రయాణం పోతే జట్టు కట్టి ఆడటంలో సగం సరదా పోతుంది.

ఇక నెట్ సంగతి, మన వైపు వాళ్లకు ఇదే ముఖ్యం. ఈ ఆటలో ఒక ప్రాంతానికి ఎవరు ముందు చేరితే అక్కడి జంతువులనూ రాక్షసులనూ వాళ్ల కంప్యూటరే నడుపుతుంది. వాళ్ల సిగ్నల్ బలహీనంగా ఉంటే మిగతావాళ్ల దెబ్బలు ఆలస్యంగా తగులుతాయి. వానాకాలంలో గుణుపురం నెట్ నీరసపడుతుంది కాబట్టి బావను ఎప్పుడూ వెనక నడవమంటాం. లోకాన్ని బరంపురం తమ్ముడి కంప్యూటర్‌లో పెట్టాం, అక్కడ కరెంటు తక్కువ పోతుంది. ఎవరి కంప్యూటర్‌లో లోకం నడుస్తోందో వాళ్లకు కరెంటు పోతే అందరి ఆటా ఆగుతుంది, చివరి సేవ్ తర్వాత కట్టినవి పోతాయి. ఇన్వర్టర్ ఉన్నవాళ్లకే ఆ పని అప్పగించండి.

పాత్ర వేరు, లోకం వేరు. మీ ఒంటరి లోకంలోని పాత్రనే సామానుతో సహా స్నేహితుడి లోకంలోకి తీసుకెళ్లొచ్చు. మేం మాత్రం ఖాళీ చేతులతో రావాలని నియమం పెట్టుకున్నాం. ఒకరు ఇనుప కత్తితో దిగితే రాతి గొడ్డలితో ఉన్నవాళ్లకు ఉత్సాహం చచ్చిపోతుంది. జట్టు లోకంలో వారం మధ్యలో బాస్ (ఆటలోని పెద్ద శత్రువు) జోలికి వెళ్లకూడదని కూడా అనుకున్నాం. అది అందరూ కలిసి చేయాల్సిన పని.

కొత్తవాళ్లు మొదటి ఇద్దరు బాస్‌లు, అంటే ఐక్తీర్, ఎల్డర్ అయ్యేదాకా ఒంటరిగా ఆడండి. తర్వాత జట్టులో చేరండి. ఒక లోకంలో 10 మంది దాకా ఆడొచ్చు, కానీ నా అనుభవంలో ముగ్గురు నలుగురే సరైన లెక్క. అంతకు మించితే అందరినీ ఒకేసారి మంచం ఎక్కించడం కుదరదు.