వీధి కుక్కపిల్లను పెంచుకున్నాం: ఇన్నేళ్ల తర్వాత సమీక్ష

జాతి కుక్కను కొనాలా, వీధి కుక్కపిల్లను తెచ్చుకోవాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: వీధి కుక్కపిల్లనే తెచ్చుకోండి. తిత్లీ తుఫానుకు ముందు ఏడాది, ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి కాలువ పక్కన దొరికింది మా చుక్కి. ఇప్పుడు దాని మూతి నెరిసింది. బలమున్నవాళ్లు బలంలేనివాళ్ల దగ్గర ఎలా ఉండాలో పిల్లలకు మేం ఎంత చెప్పినా ఎక్కలేదు, చుక్కిని చూసి నేర్చుకున్నారు.

పక్షవాతం వచ్చాక తాతయ్యను రోజూ పొద్దున్నే మహేంద్రతనయ నది వైపు కాస్త నడిపించేవాళ్లం. నాతో వస్తే తాడు తెగేలా లాగే చుక్కి, ఆయన పక్కన మాత్రం కర్ర నేలకు ఆనేదాకా ఆగి, ఆ తర్వాతే అడుగు వేసేది. ఆయన ఆయాసపడి నిలబడితే పక్షవాతం వచ్చిన కాలి వైపు ఓసారి చూసి, అక్కడే కూర్చునేది. ఇది దానికి ఎవరూ నేర్పలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా అల్లాడిపోయింది. ఆ రాత్రి పక్కింటి మేక, దాని పిల్ల తడిసిపోయి మా వరండాలోకి వచ్చేశాయి. మామూలుగా అయితే చుక్కి వాటిని గుమ్మం దాకా కూడా రానివ్వదు. ఆ రోజు తన గోనెసంచి మీంచి లేచి గోడవారకి జరిగింది. తెల్లారి చూస్తే సంచి మీద మేకపిల్ల, తడి సిమెంటు మీద చుక్కి.

నన్నయ భారతం మొదట్లోనే సరమ కథ వస్తుంది. ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొడితే, తల్లి సరమ నేరుగా వెళ్లి ఆ రాజునే నిలదీస్తుంది. ఆ కథ చుక్కి పక్కన కూర్చుని చెప్పాం. వీధి కుక్కల మీద రాళ్లేసే పిల్లలను ఇప్పుడు మా పిల్లలే ఆపుతున్నారు.

కుక్క చెవులు వాల్చి తప్పు చేసినట్టు చూస్తుంది చూడండి, ఆ చూపును బట్టి నేరం తేల్చేయకండి. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిడితే కుక్కలు అలాగే చూస్తాయని అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. గుర్రుమన్నా కొట్టకండి. అది హెచ్చరిక. దాన్ని అణిచేస్తే చెప్పకుండా కరిచే కుక్క తయారవుతుంది. పిల్లలు చెవులు లాగితే చుక్కి ఓసారి గుర్రుమని, లేచి వెళ్లిపోతుంది, అంతే.

ఇబ్బందులూ ఉన్నాయి. వానాకాలంలో పిడుదులు వదలవు, దీపావళి వస్తే మంచం కింద వణుకుతూ ఉంటుంది, ఆ టెన్షన్ మాకూ తప్పదు. రేబిస్ టీకా మూడో నెలలో మొదలుపెట్టి ఏటా వేయించాలి.

మనుషులు మసిలే ఇల్లయితే సందేహించకుండా తెచ్చుకోండి. రోజంతా గొలుసుతో కట్టేయాల్సి వచ్చే ఇంటికి మాత్రం వద్దనే చెబుతాను.